ఏ భాషకు ఏ పని: గోలకొండ నుండి ఫిల్మ్‌నగర్ వరకు
(తెలుగునేల – భాషాచరిత్ర: ఏడవ ప్రకరణము)

కాకతీయ సామ్రాజ్యము 1323లో అస్తమించిన పిమ్మట తెలుగునేల పలు రాజ్యముల క్రింద చీలిన విధమును, బహమనీ సుల్తానుల ఏలుబడిలో నొక రాష్ట్రముగా నుండిన తెలంగాణము సుల్తాన్ కులీ చేతిలో గోలకొండ రాజ్యముగా పరిణమించిన క్రమమును గత ప్రకరణమున వివరించితిమి. ఆ రాజ్యమున ఏ భాష ఎక్కడ నిలిచెను, ఏ భాష ఏ పని చేసెను, ఆ ఏర్పాటు ఎప్పుడు ఎందుకు మారెను, ఆ మార్పును గూర్చి పండితులు ఏమి తలంచుచున్నారు అను విషయములు ఈ ప్రకరణమునకు వస్తువులు. ఇవి కేవలము గతకాలపు ముచ్చటలు కావు. బడిలో ఏ భాష చెప్పవలెను, వెండితెరపై ఎవరి పలుకుబడి వినిపింపవలెను అని నేడు మనము చేయుచున్న వాదములన్నియు ఆ పునాదిమీదనే నడచుచున్నవి.

మెహదీపట్నము నుండి గచ్చిబౌలికి పోవు రాజమార్గమున టోలిచౌకి యను పేట కలదు. దానికి పడమట కుతుబ్‌షాహీ ప్రభువుల సమాధులును, వానికి సమీపముననే గోలకొండ దుర్గమును నున్నవి. ఉత్తరమున షేక్‌పేట దాటినంతనే తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయములైన ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్సు కనవచ్చును. టోలిచౌకి అంగళ్ళలో దక్కనీ ఉర్దూ మ్రోగుచుండును. చదువులకై వచ్చి అచ్చట కాపురముండు అరబ్బు, ఆఫ్రికా దేశీయుల అరబీ పలుకులు వినవచ్చును. చుట్టుప్రక్కల పాత గ్రామములవారి తెలంగాణపు తెలుగు వానితో కలసి మెలసి నడచును. కూతవేటు దూరమున, కోట్లాది ప్రేక్షకులు వినబోవు తెలుగు సంభాషణలు కాగితముపై రూపు దిద్దుకొనుచుండును. నాలుగు శతాబ్దముల భాషాచరిత్రను ఒక్క సాయంకాలపు నడకలో చూడదగిన తావు తెలుగుదేశమున దీనిని మించినది అరుదు.

ఈ తావును గూర్చి నేడు రెండు వాదములు ప్రబలముగా వినిపించుచున్నవి. గోలకొండ ఏలుబడి తెలుగు మీద పరభాష పెత్తనము చేసిన కాలమనియు, తెలుగువాడు తన గడ్డమీదనే పరాయియైన కాలమనియు ఒక పక్షమువారందురు. అది భేదములెరుగని స్వర్ణయుగమనియు, తెలుగును దక్కనీయును తోబుట్టువులవలె పెరిగినవనియు, కలహములన్నియు తరువాతి రాజకీయములు తెచ్చిపెట్టినవే యనియు రెండవ పక్షమువారందురు. ఈ రెండును సాక్ష్యములో సగమును చదివి సగమును విడిచిన వాదములే. సాక్ష్యము మొత్తమును ఎదుట పెట్టుకొని చదువుట చరిత్రకారుని ధర్మము.

కవులు – కరణములు

మొదట కావ్యముల సాక్ష్యమును చూతము. 1550 నుండి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా, సింహాసనమెక్కుటకు ముందు అన్నకు వెరచి విజయనగరమున అళియ రామరాయల ఆశ్రయమున ఏడేండ్లు గడపెను. తెలుగు సాహిత్యముతో ఆయనకు పరిచయము అచ్చటనే గట్టిపడెననుట పండితుల అభిప్రాయము. అద్దంకి గంగాధరకవి తన ‘తపతీసంవరణోపాఖ్యానము’ను ఆయనకే అంకితము చేసెను. తెలుగు కవులు ఆయనను ‘మల్కిభరాముడ’ని తమ నుడికారమునకు తగినట్లు మార్చి పిలుచుకొనిరి. అయితే ఆ ఇబ్రహీమే 1565లో తక్కిన దక్కను సుల్తానులతో చేయి కలిపి, తన్నాదరించిన రామరాయల మీద యుద్ధమునకు నడచెననుటయు అంతే నిజము. కావ్యాంకితములను మాత్రము చూచి ఆయన చరిత్ర వ్రాయువారును, యుద్ధమును మాత్రము చూచి వ్రాయువారును ఒక్కటే పొరపాటు చేయుచున్నారు.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన సాక్ష్యము పటాన్‌చెరువున కలదు. అచ్చటి అధికారియైన అమీనుఖానునకు పొన్నికంటి తెలగన్న ‘యయాతిచరిత్ర’ను అంకితమిచ్చెను. సంస్కృత సమములను పరిహరించి దేశ్య తద్భవములతోనే నడపిన అచ్చతెలుగు కావ్యములలో అది మొదటిది. నన్నయనాటి నుండి సంస్కృత సంపదను సొమ్ముగా ధరించుచు వచ్చిన తెలుగు కవిత్వము, ఆ సొమ్ములన్నియు తీసివేసి తన సహజరూపమున నిలువవలెనని తలపెట్టిన తొలి సాహసమునకు కృతిపతి పారసీ సంస్కారమున పెరిగిన ఒక ముసల్మాను ప్రభువు! ఆ అమీనుఖానుకే పటాన్‌చెరువులో సమాధి కలదు. ఫిలిప్ వాగొనర్ అను అమెరికా పండితుడు 2011లో ప్రకటించిన వ్యాసమున ఈ రెండు సాక్ష్యములను ప్రక్కప్రక్కన పెట్టి పరిశీలించి, ఒకే మనుష్యుడు రెండు సంస్కార ప్రపంచములలో మెలగగలిగిన తీరును విశదపరచెను. అమీనుఖాను పారసీని విడిచి తెలుగును చేపట్టలేదు; తెలుగును విడిచి పారసీని పట్టుకొని కూర్చుండలేదు. ఏ పనికి ఏ భాష తగినదో ఆ పనికి ఆ భాషను వాడుకొనెను.

ఇబ్రహీము కుమారుడైన మహమ్మద్ కులీ 1591లో హైదరాబాదు నగరమును నిర్మించినవాడు, దక్కనీ భాషలో మహాకవి. ఆయన కవితాసంపుటమును 1616లో వారసుడైన సుల్తాన్ మహమ్మద్ క్రోడీకరించెను. దక్కనీలో వజహీ 1609లో ‘కుతుబ్ ముష్తరీ’ కావ్యమును, 1635లో ‘సబ్‌రస్’ అను గద్యకావ్యమును రచించెను. ఆ మహమ్మద్ కులీ కాలముననే గోలకొండకు కరణమైన సారంగు తమ్మయ ‘వైజయంతీవిలాసము’ను తెలుగున వెలయించెను. ఆ కావ్యమునకు వస్తువైన విప్రనారాయణుని కథ 1954లో తెలుగు చలనచిత్రమై మన తాతతండ్రులను అలరించినది. తరువాతి కాలమున క్షేత్రయ్య గోలకొండ కొలువును దర్శించి పదములు చెప్పినట్లు తన పదమొకదానియందే పేర్కొనెను.

తమ్మయ వృత్తి చేత కరణమనుట గమనింపదగినది. గోలకొండలో తెలుగు నిలిచినది రాజుల రసికత వలన మాత్రమే కాదు, లెక్క వలన. నేల కొలిచినవాడు, శిస్తు కట్టినవాడు, దండోరా వేయించినవాడు తెలుగువాడు. దౌత్యము, సైన్యము, ఆస్థాన మర్యాద పారసీలో నడచినను, గ్రామపు కవిలెకట్టలు తెలుగులోనే యుండెను. కావుననే కుతుబ్‌షాహీల కడపటి కాలమున, విశేషించి అబ్దుల్లా, అబుల్‌హసన్‌ల ఏలుబడులలో, పారసీ పాఠముతో పాటు తెలుగు పాఠమును గల ద్విభాషా ఫర్మానాలు వెలువడెను. పరగణాలో అధికారి పారసీని చదువుకొనును. ఊరి కరణము తెలుగును చదువుకొనును. ఆజ్ఞ ఇద్దరికిని ఒక్కటే. హుకుము, రసీదు, జమాబందీ, ఫిర్యాదు వంటి మాటలు మన నాలుకలపై పాతుకొనిపోయినది ఈ కచేరీల ద్వారముననే.

అయినను ఇది సమానుల పొత్తు కాదని చెప్పకపోవుట సత్యమునకు ద్రోహము. పారసీ పై మెట్టున నుండెను. తెలుగు క్రింది మెట్టున నుండెను. ఆ క్రింది మెట్టునకైనను ఎక్కగలిగినవారు వ్రాయనేర్చిన కొలది కులములవారే. నాగలి పట్టిన రైతు, మగ్గము నేసిన సాలె, బావి త్రవ్విన ఒడ్డెవాడు తాను మాటాడు భాషను తానే చదువలేకుండెను. హనుమకొండవాడైన మాదన్న, అన్న అక్కన్నతో కూడి అబుల్‌హసన్ కాలమున రాజ్యభారమంతయు వహించినను, 1686లో వారిరువురును దారుణముగా హతులైరి. మరుసటి ఏటనే ఔరంగజేబు ముట్టడిలో గోలకొండ కూలెను. తెలుగునకు పని యుండెను. అధికారము మాత్రము పరాధీనమై యుండెను. ఈ రెండు వాక్యములను కలిపి చదివినప్పుడే గోలకొండ చరిత్ర అర్థమగును.

మనుష్యుని భాష

ఇచ్చట ఇటీవలి పండితులు లేవనెత్తిన యొక గంభీరమైన ప్రశ్న కలదు. లీసా మిచెల్ 2009లో ప్రకటించిన గ్రంథమున, దక్షిణభారతమున భాష ‘మాతృభాష’యై, మనుష్యుని ఉనికికి మూలాధారమైనది పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరభాగము నుండియే యనియు, అంతకు పూర్వము భాషలు పనులకును తావులకును చెందియుండెడివనియు, పెక్కు భాషలెరిగినవాడు కచేరీలో నొకటి, పూజలో నొకటి, సంతలో నొకటి వాడుట సహజముగా నుండెడిదనియు ప్రతిపాదించెను. అమీనుఖానును, సారంగు తమ్మయను తలచుకొనిన యెడల ఈ ప్రతిపాదనలోని బలము స్పష్టమగును. ‘నీ భాష ఏది?’ అని తమ్మయ నడిగినచో, ‘ఏ పనికి?’ అని ఆయన తిరిగి యడిగి యుండును.

దీనిని బట్టి, భాషాభిమానము నిన్నమొన్నటి కల్పన గావున అది అనవసరమని కొందరు తేల్చివేయుదురు. ఇది తప్పు. ఒక భావము కొత్తగా పుట్టుటకు కొత్త కారణములు కలుగును. పాఠశాల, అచ్చు, న్యాయస్థానము, ఉద్యోగపరీక్ష, పత్రిక అను కొత్త సంస్థలు వచ్చి ప్రతి మనుష్యుని జీవితమును పట్టి ఆడించునప్పుడు, ఆ సంస్థల ద్వారములు ఏ భాషలో తెరచుకొనుననుట ప్రాణప్రశ్నయగును. గోలకొండ కూలిన పిమ్మట ఈ నేలను ఏలిన నిజాముల రాజ్యమున జరిగినది ఇదియే.

1884 తరువాతి కొలది సంవత్సరములలో ఆ రాజ్యమున కచేరీల నుండి పారసీ తొలగి ఉర్దూ వచ్చెను. 1917 నాటి ఫర్మానాతో రూపుదాల్చి 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమమున వెలసెను. శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చుటకు అనువాద శాఖ ఏర్పడెను. ఆంగ్లము ముందు తల వంచక, దేశభాషలో ఉన్నతవిద్య చెప్పవచ్చునని ఋజువు చేసిన మహోద్యమమది. కవితా దాట్ల 2013లో వెలువరించిన గ్రంథమున ఆ ప్రయత్నము వెనుకనున్న జాతీయాశయమును సానుభూతితో వివరించెను. ఆ గౌరవమునకు ఉస్మానియా అర్హమే. అయితే రాజ్యప్రజలలో ఇంచుమించు సగముమంది తెలుగువారు, నాలుగవ వంతు మరాఠీవారు, తక్కినవారిలో కన్నడిగులును ఉర్దూవారును. దేశభాష పేరిట ఎన్నుకొనబడిన భాష అధికసంఖ్యాకుల యింటి భాష కాలేదు. కుతుబ్‌షాహీ కచేరీలో తెలుగుకు క్రింది మెట్టైనను ఉండెను. ఆధునిక విద్యాలయమున ఆ మెట్టు సైతము తీసివేయబడెను.

1921 నవంబరు 12న హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో, మరాఠీవాడైన మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగెను. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు ఒక తీర్మానముపై తెలుగున ప్రసంగింప లేచినంతనే సభికులలో కొందరు కేకలు వేసి, గేలిచేసి, ఆయనను మాటాడనీయరైరి. అంతకు ముందు ఉర్దూలోను, మరాఠీలోను, ఆంగ్లమునను నడచిన ప్రసంగములను అదే సభ శ్రద్ధగా వినెను. ఆ రాత్రియే టేకుమాల రంగారావు గృహమున సమావేశమైన కొలదిమంది తెలుగువారు ఆంధ్రజనసంఘమునకు బీజము నాటిరి. మాడపాటి హనుమంతరావు దానికి కార్యదర్శియై జీవితమునంతయు ధారపోసెను. ఆ రాత్రి చిన్నబోయినది ఒక వక్త కాదు. రాజధానిలో తెలుగునకు చేయదగిన పని ఏదియు లేకపోయెనన్న యెరుక అందరి గుండెలలో ఒక్కసారిగా రగిలెను.

ఆ పెద్దల గొప్పతనము వారు కోపమును పనిగా మార్చుటయందున్నది. 1901లోనే రావిచెట్టు రంగారావు, కొమఱ్ఱాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు ప్రభృతులు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పి దారి చూపియుండిరి. ఆ దారిలోనే గ్రామగ్రామమున గ్రంథాలయములు లేచెను. లక్ష్మణరాయ పరిశోధకమండలి ఊరూర శాసనముల ప్రతులెత్తించి, 1935లో ‘తెలంగాణా శాసనములు’ ప్రకటించెను. మాడపాటివారు 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమమున ఆడపిల్లల పాఠశాలను స్థాపింపగా, దానికి ఉస్మానియా గుర్తింపు లభింపలేదు; పూనాలోని కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయము ఆ బాలికల పరీక్షలను నిర్వహించుటకు ముందుకు వచ్చెను. ఏ సభలో తెలుగునకు అవమానము జరిగెనో ఆ సభాధ్యక్షుని విద్యాసంస్థయే తెలుగు బాలికలకు ఆసరాయగుట, ఒక భాషవారందరిని ఒక్క త్రాట కట్టి నిందింపరాదని మనకు నేర్పుచున్నది.

1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి ఆరంభించిన పత్రికకు ‘గోలకొండ’ యని పేరు పెట్టెను. తెలుగు ఆత్మగౌరవమునకు వాణియైన పత్రికకు సుల్తానుల దుర్గము పేరు! ఉర్దూ పారసీలు చక్కగా నెరిగిన ఆ మహనీయునకు గోలకొండ పరాయిది కాదు. తెలంగాణమున కవులే లేరన్న ఆక్షేపమునకు సమాధానముగా 1934లో 354 మంది కవుల రచనలతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించెను. 1949లో వెలసిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల వంశావళులను విడిచి, కావ్యములలో దాగిన జనుల తిండిని, బట్టను, ఆటలను, అంగళ్ళను వెలికితీసినది. కేంద్ర సాహిత్య అకాడెమీ తెలుగునకిచ్చిన తొలి పురస్కారము 1955లో దానికే దక్కెను. వాదమునకు వాదము చెప్పక సాక్ష్యమును సేకరించి ఎదుట పెట్టుట ఆయన పద్ధతి. నేటి వాదములకు ఈ పద్ధతియే ఆదర్శము.

తెరమీది తెలుగు, బడిలోని తెలుగు

టోలిచౌకికి ఉత్తరపు కొండల మీదికి వత్తము. మద్రాసున పెరిగిన తెలుగు చలనచిత్రము క్రమముగా హైదరాబాదునకు తరలివచ్చి, 1970లు, 1980ల దశకములలో ఈ బండరాళ్ళ నడుమ స్థిరపడెను. వచ్చునప్పుడు తనతో నొక భాషను తెచ్చుకొనెను: కోస్తా జిల్లాల చదువరుల వ్యవహారము. అది నాయకుని భాషయయ్యెను. తెలంగాణపు పలుకుబడి చిరకాలము ప్రతినాయకునికో, నవ్వించు పాత్రకో దక్కెను. ఈ నేలపైనే చిత్రీకరించి, ఈ నేల పలుకును హాస్యమునకు వాడుకొనుట ఈ నేలవారికి ఎంత నొచ్చెనో తెలంగాణోద్యమ సాహిత్యమంతయు చెప్పుచున్నది. 1921లో నాటకశాలలో లేచిన నవ్వునకును, చిత్రశాలలో లేచిన ఈ నవ్వునకును మూలమొక్కటే: ఒక పలుకుబడికి గౌరవప్రదమైన పని ఇయ్యకపోవుట. ఈసారి ఆ పని చేసినది పరభాష కాదు, తెలుగే. ఇది మనము నిర్మొగమాటముగా ఒప్పుకొనవలసిన సత్యము.

మార్పు రాకపోలేదు. 2017లో ‘ఫిదా’ చిత్రమున కథానాయికయే తెలంగాణ పలుకుబడిలో మాటాడగా ప్రేక్షకలోకము జేజేలు పలికెను. 2023లో వచ్చిన ‘బలగం’ ఒక పల్లె కుటుంబపు దుఃఖమును ఆ పల్లె మాటలలోనే చెప్పి, రెండు రాష్ట్రములవారిచేతను కన్నీరు పెట్టించెను. పలుకుబడి మారలేదు, దానికిచ్చిన పని మారెను. అంతకుముందే ఈ కొండలకు పాట నేర్పినవారిలో ఉర్దూ చదువుల ఫలమును తెలుగునకు సమర్పించినవారుండిరి: ఉర్దూ మాధ్యమమున చదివిన సి. నారాయణరెడ్డి 1962 నాటి ‘గులేబకావళి కథ’తో చిత్రగీతములకు ఆరంభము చేసెను, గాలిబును తెలుగులోనికి తెచ్చిన దాశరథి తెరకు మధురగీతములు వ్రాసెను. నిజాము పాలనను ధిక్కరించి చెరసాలకేగిన దాశరథికి ఉర్దూ కవిత్వముపై ద్వేషము లేకుండెను. పాలకుని అన్యాయమును భాషకు అంటగట్టకుండుట ఎట్లో ఆయన జీవితము చూపుచున్నది.

ఇక బడి మాట. తెలంగాణ ప్రభుత్వము 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికి రెండవ అధికారభాషగా ప్రకటించెను. 2018లో అన్ని పాఠశాలలలోను తెలుగును తప్పక బోధింపవలెనని శాసనము చేసెను. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2019లో ప్రభుత్వ పాఠశాలలన్నిట ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్ట నుత్తరువులీయగా, 2020లో ఉన్నత న్యాయస్థానము వానిని కొట్టివేసెను. అప్పటి వాదమున ఇరుపక్షములందును న్యాయము కలదు. సంపన్నుల బిడ్డలకు అందిన ఆంగ్లము పేదల బిడ్డలకేల అందరాదని అడిగిన దళిత, వెనుకబడిన వర్గముల ఆలోచనాపరుల ప్రశ్న, గోలకొండ నాటి రైతు కవిలెను చదువలేకపోయిన దైన్యమునకు వారసత్వము. దానిని మాతృభాషాద్రోహమని త్రోసివేయుట అన్యాయము. ఇంట వినిన మాటలోనే పసిబిడ్డకు తొలి చదువు చక్కగా నాటుకొనునన్న విద్యావేత్తల మాటయు అంతే బరువైనది.

మాధ్యమమును గూర్చిన ఈ కలహము తీరని చిక్కుముడివలె కనబడుటకు కారణము, మనము భాషను అభిమానమునకు మాత్రమే ముడిపెట్టి, పనిని మరచుట. ఉద్యోగపు ఉత్తరువు, న్యాయస్థానపు తీర్పు, వైద్యుని సలహా, బ్యాంకు పత్రము, విజ్ఞానశాస్త్ర గ్రంథము తెలుగున దొరకనంత కాలము, తెలుగున చదువుమని పేదవాని బిడ్డకు చెప్పుట వానిని వట్టిచేతులతో యుద్ధమునకు పంపుటయే. 1966లోనే తెలుగును అధికారభాషగా శాసించుకొని, 2008లో ప్రాచీనభాషా ప్రతిపత్తిని సాధించుకొని సంబరపడిన మనము, ఆ భాష చేతికి పనిముట్టునిచ్చుటలో మాత్రము వెనుకబడితిమి. ఉర్దూ విషయమునను ఇదే ధర్మము: టోలిచౌకి బిడ్డకు ఉర్దూ పాఠశాల యుండిన చాలదు, అచ్చట చదివిన చదువు ఎచ్చటనైన చెల్లవలెను.

గోలకొండ ఎవరిది అను ప్రశ్నకు చరిత్ర సమాధానమీయదు; తెలగన్న, వజహీ, సారంగు తమ్మయ, మహమ్మద్ కులీ ఒకే రాజ్యమున రచించిరని చెప్పి ఊరకుండును. ఏ భాషకు ఏ పని యిచ్చితిరి, ఆ పని ఎవరికి అందినది అను ప్రశ్నకు మాత్రము అది స్పష్టముగా సమాధానము చెప్పును. ద్విభాషా ఫర్మానా వ్రాయించిన రాజ్యము తన రైతుకు చదువు చెప్పలేదు. అనువాద శాఖను స్థాపించిన రాజ్యము తన ప్రజల యింటి భాషను విస్మరించెను. తెలుగుపేర రాష్ట్రములేర్పరచుకొన్న మనము తెలుగునకు శాస్త్రమును, న్యాయమును, జీవికను పూర్తిగా అందింపలేకపోతిమి. మొదటి రెండు లోపములను దిద్దుట మన చేతిలో లేదు. మూడవది మాత్రము మనదే. దిద్దుకొను బాధ్యతయు మనదే.

వచ్చు ప్రకరణమున ఉస్మానియా అనువాద శాఖ పని నడచిన తీరును, పారిభాషికపదముల నిర్మాణమున వారెదుర్కొనిన సమస్యలను, తెలుగున శాస్త్రగ్రంథములు వ్రాయించుటకు 1906లో హైదరాబాదున పుట్టిన విజ్ఞానచంద్రికా మండలి కృషితో వానిని పోల్చి వివరింతుము.

(సశేషము)